పెళ్లినాడే రాసే బాకీ: కెతుబా లెక్క మనకు పనికొస్తుందా?

ప్రశ్న: ఆరు నెలల్లో నా పెళ్లి. చేతికి నెలకు నాకు రూ.85,000, కాబోయే భార్యకు రూ.60,000 వస్తాయి. నాన్నగారి వ్యాపార రుణానికి నేను హామీ సంతకం పెట్టాను. యూదులు పెళ్లిరోజే భార్యకు ఇవ్వాల్సిన సొమ్ముకు పత్రం (కెతుబా) రాస్తారని, ఉన్న డబ్బును మూడు భాగాలు చేస్తారని విన్నాం. మేమూ అలా చేయొచ్చా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పత్రం జోలికి వెళ్లకండి. పెళ్లికి ముందు రాసుకున్న ఆస్తి ఒప్పందాలను మన కోర్టులు సాధారణంగా అమలు చేయవు. ఇజ్రాయెల్‌లో కూడా కెతుబా ఒక్కదాన్నే నమ్ముకోనక్కర్లేదు. 1973 నాటి దంపతుల ఆస్తి చట్టం కింద విడిగా ఒప్పందం రాసుకుని, పెళ్లికి ముందైతే నోటరీ దగ్గరే ధ్రువీకరించుకోవచ్చు. మీరు తీసుకోవాల్సింది కెతుబా వెనకున్న ఏర్పాటు.

మొదటి పెళ్లి అమ్మాయికి 200 జూజ్‌లు, వితంతువుకు 100 అని యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర సంకలనం మిష్నా చెబుతుంది. జూజ్ వెండి నాణెం. 200 జూజ్‌లు చేతిలో ఉన్నవాడు పొలంలో పేదలకు వదిలే పరిగె ఏరుకోకూడదని అదే మిష్నాలో మరోచోట ఉంది. అది ఏడాది గడవడానికి సరిపడే సొమ్మని వ్యాఖ్యాతల మాట. భర్త పోయినా, విడాకులిచ్చినా ఆమె ఏడాదిపాటు చెయ్యి చాపకుండా బతకగలగాలి. మొదట్లో ఈ డబ్బును విడిగా తీసి పెట్టేవారట. దాంతో కోపమొచ్చిన భర్తకు ‘నీ డబ్బు తీసుకుని పో’ అనడం తేలికైపోయింది. క్రీ.పూ. 1వ శతాబ్దంలో షిమోన్ బెన్ షెతాహ్ అనే యూదు పండితుడు ఆ పద్ధతి మార్చి, భర్త ఆస్తి మొత్తాన్నీ ఆ బాకీకి హామీ చేశాడు.

మీ దగ్గర ఇది తిరగబడుతుంది. మీ ఆస్తి ఇప్పటికే బ్యాంకుకు హామీగా ఉంది కాబట్టి ఆమె సొమ్ము మీ పేరున ఉండకూడదు. తేలికైన దారి ఏమిటంటే, ఖర్చు మీరు పెట్టండి, పొదుపు ఆమె చేయనివ్వండి. తిండి, బట్ట, వైద్యం భర్త బాధ్యతేనని మిష్నా మీద చర్చల గ్రంథమైన తాల్ముద్ కూడా అంటుంది. అందుకు బదులు భార్య సంపాదన భర్తకు చెందుతుంది గానీ, ‘నీ పోషణ వద్దు, నా సంపాదనా ఇవ్వను’ అనే హక్కు ఆమెకుంది. మీరు పోషణ మీ దగ్గరే ఉంచుకుని, ఆమె సంపాదన ఆమెకే వదిలేస్తున్నారన్నమాట.

ఇంటి ఖర్చు నెలకు రూ.55,000 అనుకుందాం. అదంతా మీ జీతంలోంచి పోవాలి. ఆమె నెలకు రూ.40,000 తన ఒక్కరి పేరున ఎఫ్‌డీలోనో లిక్విడ్ ఫండ్‌లోనో వేస్తే 17 నెలల్లో రూ.6.6 లక్షలు దాటుతుంది. అది మీ ఇంటి ఏడాది ఖర్చు. మీ ఇంటికి 200 జూజ్‌లంటే అవే. ఇదే డబ్బు మీ ఖాతా నుంచి ఆమెకు బహుమతిగా పంపితే పన్ను పడదు గానీ, దాని మీద వచ్చే వడ్డీని మీ ఆదాయంలో కలిపి లెక్కేస్తారు. రేపు రుణం మొండిబకాయి అయితే, ఎగ్గొట్టడానికే ఆమె పేరున మార్చారని బ్యాంకు వాదించే వీలూ ఉంటుంది.

మీకు మిగిలే రూ.30,000లో రూ.12,500 పీపీఎఫ్‌కు వెళ్లాలి. ఏడాదికి గరిష్ఠ పరిమితి రూ.1.5 లక్షలు, గడువు 15 ఏళ్లు. మామూలు అప్పులవాళ్లు కోర్టుకెళ్లినా దాన్ని జప్తు చేయించలేరు. పెళ్లయ్యాక రూ.కోటి టర్మ్ పాలసీని వివాహిత మహిళల ఆస్తి చట్టం (1874) కింద తీసుకోండి. ప్రపోజల్‌తో పాటే ఆ అనుబంధ ఫారం ఇవ్వాలి, ఉన్న పాలసీకి తర్వాత తగిలించడం కుదరదు. ఆ క్లెయిం డబ్బు అప్పులవాళ్లకు దక్కదు. వాళ్లను మోసగించే ఉద్దేశంతో పాలసీ తీసుకుని ప్రీమియం కట్టారని తేలితే మాత్రం, కట్టిన ప్రీమియం మేరకు వాళ్లకు వెళ్తుంది. ఒక చిక్కుంది. లబ్ధిదారుగా భార్య పేరు రాస్తే తర్వాత మార్చలేరు, రేపు విడాకులైనా సరే. బ్యాంకు ఖాతాలో నామినీ అన్నంత మాత్రాన ఇంత భద్రత రాదు. వీలునామా లేకపోతే ఆ డబ్బులో మీ అమ్మగారికీ, పిల్లలకూ భార్యతో సమానంగా వాటా ఉంటుంది.

బంగారం దగ్గరే చాలా జంటలు దెబ్బతింటాయి. యూదు భార్య తెచ్చుకునే ఆస్తి రెండు రకాలు. ‘ఇనుప గొర్రెలు’ అనే రకానికి పత్రంలో విలువ కట్టి రాస్తారు. ధర పెరిగినా పడినా ఆ విలువ తిరిగివ్వడం భర్త పూచీ. ‘మెలోగ్’ అనే రకం ఆమెదే. దాని ఆదాయం భర్త అనుభవిస్తాడు, లాభనష్టాలు ఆమెవి. మీ ఇంట్లో ఆమె 80 గ్రాములు తాకట్టు పెట్టి నాన్నగారి వాయిదా కట్టారనుకోండి. మీరు బాకీ పడింది 80 గ్రాములా, ఆ రోజు చేతికొచ్చిన రూపాయలా? ఆ రోజే ‘గ్రాములు’ అని రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. రూపాయల్లో రాసుకుంటే ధర పెరిగిన ప్రతిసారీ ఆమె నష్టపోతుంది. స్త్రీధనం ఉమ్మడి ఆస్తి కాదని, భర్త వాడుకున్నా తిరిగివ్వాల్సిందేనని 2024లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. పెళ్లిలో వచ్చిన కానుకలకు ఎవరిచ్చారు, వారితో చుట్టరికం, విలువ రాసి వధూవరులు సంతకం చేసిన జాబితా ఉండాలని వరకట్న నిషేధ చట్టం కింది 1985 నిబంధనలే చెబుతున్నాయి. పాటించేవాళ్లు తక్కువ, మీరు పాటించండి.

ఇక మూడు భాగాల సంగతి. మూడో వంతు భూమిలో, మూడో వంతు సరుకులో, మూడో వంతు చేతిలో ఉంచుకోమన్నది తాల్ముద్‌లో రబ్బీ ఇత్జాక్ మాట. ఈ నిష్పత్తిని మీకు సిఫారసు చేయను. ఫ్లాట్ కొన్న రోజే భూమి భాగం లెక్క దాటిపోతుంది, అదేమీ తప్పు కాదు. చేతిలో ఉండాల్సిన భాగాన్ని డౌన్ పేమెంట్ మింగేయకుండా చూసుకుంటే చాలు. ఆమె డబ్బు వాడాల్సి వస్తే, ఆ వాటా మేరకు రిజిస్ట్రేషన్‌లో ఆమె పేరు కూడా ఉండాలి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది మీ హామీ సంగతి తేల్చుకోవడం. రుణం బాకీ ఎంతో బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. అది సీసీ లిమిట్ (వ్యాపారానికి ఇచ్చే క్యాష్ క్రెడిట్) అయితే ఏటా జరిగే రెన్యువల్‌కు ముందే, వేరే ఆస్తి తనఖా చూపించి మిమ్మల్ని తప్పించమని నాన్నగారి చేత దరఖాస్తు పెట్టించండి. మీ జీతం ఖాతా అదే బ్యాంకులో ఉంటే, బాకీ కింద జీతాన్ని పట్టుకోకుండా పెళ్లిలోపు మరో బ్యాంకుకు మార్చుకోండి. ఆమె ఖాతాలో మీరు జాయింట్‌గా చేరకండి.