ఏడు దేశాల టూరుకు అప్పు చేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 55. కాకినాడలో ప్రభుత్వ ఉద్యోగిని. మా ఆవిడ ప్రభుత్వ పాఠశాలలో టీచర్. ఇద్దరిదీ కలిపి నెలకు 1.45 లక్షలు చేతికొస్తుంది. ఇంటి ఖర్చు 80 వేలు, మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా వేసే సిప్‌లకు 25 వేలు పోతుంది. సొంతిల్లు ఉంది, అప్పుల్లేవు. బ్యాంకులో 9 లక్షల ఎఫ్‌డీ, మ్యూచువల్ ఫండ్లలో 11 లక్షలు, ఇంట్లో 40 కాసుల బంగారం ఉన్నాయి. అమ్మాయి పెళ్లి చేసేశాం. వచ్చే ఏడాదికి మా పెళ్లయి 30 ఏళ్లు. ఆ సందర్భంగా దసరా సెలవుల్లో యూరప్ చూసి రావాలని ఇద్దరికీ కోరిక. ట్రావెల్స్ వాళ్లు 13 రోజుల్లో 7 దేశాలు, మనిషికి 2.95 లక్షలు అంటున్నారు. బ్యాంకు 12 శాతం వడ్డీకి 6 లక్షల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. లోన్ తీసుకోవాలా, బంగారం తాకట్టు పెట్టాలా, ఎఫ్‌డీ తీసేయాలా? మా ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. నాకు షుగర్ ఉంది. అబ్బాయి బీటెక్ చివరి ఏడాదిలోకి వచ్చాడు, ఎమ్మెస్ అంటున్నాడు, ఇంకా ఏదీ తేలలేదు.

జవాబు: ముందు ఒక మాట. వెళ్లండి. రిటైరయ్యాక చూద్దాం అనుకున్నవాళ్లలో చాలామంది ఆ తర్వాత మోకాళ్ల డాక్టరు దగ్గరే ఎక్కువ తిరిగారు. రోమ్‌లో రాళ్లు పరిచిన వీధుల్లో రోజుకు పదీ పన్నెండు కిలోమీటర్లు నడవాలంటే 56 ఏళ్ల వయసే నయం. ఇక డబ్బు దగ్గరికొద్దాం. మీ ఉత్తరంలో అసలు లెక్క చివరి వాక్యంలో ఉంది. అబ్బాయి ఎమ్మెస్ సంగతిని ఏదో గుర్తొచ్చినట్టు రాశారు. నేను మాత్రం అక్కణ్నుంచే మొదలుపెడతాను.

అతను వచ్చే ఏడాది ఆగస్టులో విమానం ఎక్కేట్టయితే, అంతకు నాలుగైదు నెలల ముందు నుంచే మీ ఖాతాల్లో ఉన్న డబ్బు చూపించాల్సి వస్తుంది. చదువు లోన్ ఎంత వచ్చినా టికెట్లు, డిపాజిట్లు, మొదటి నెలల ఖర్చుల్లో కొంత మీ చేతి నుంచే పడుతుంది. సరిగ్గా అదే సమయంలో మీ పేరు మీద పర్సనల్ లోన్ నడుస్తూ, ఎఫ్‌డీ ఖాళీ అయి ఉంటే ఇబ్బంది. అదృష్టం కొద్దీ మీరు ఎంచుకున్న దసరా సెలవులు ఆగస్టు తర్వాతే. అంటే అబ్బాయి సంగతి తేలాకే మీ ప్రయాణం. కాబట్టి ఫండ్లలోని 11 లక్షలు వాడివి అనుకోండి, టూరుకు వాటి జోలికి పోవద్దు. సిప్‌లూ ఆపొద్దు.

లోన్ సంగతి. 6 లక్షలు, 12 శాతం, 3 ఏళ్లు అంటే నెలకు 19,930 రూపాయల దాకా ఈఎంఐ. మొత్తం మీద వడ్డీ 1.17 లక్షలు. తిరిగొచ్చాక ఫొటోలు చూసుకోవడం ఆర్నెల్లలో ఆగిపోతుంది, వాయిదా మాత్రం ఇంకో రెండున్నరేళ్లు నడుస్తుంది. అదే 20 వేలను టూరు తర్వాత కాకుండా ముందే కట్టడం మొదలుపెట్టండి. దసరాకి 16 నెలల టైముంది. నెలకు 20 వేల చొప్పున బ్యాంకులో ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) వేస్తే, ఆరున్నర శాతం వడ్డీ లెక్కన 3.35 లక్షల దాకా చేతికొస్తుంది. మీ జమాఖర్చు ప్రకారం నెలకు 40 వేలు మిగులుతున్నాయి కాబట్టి సగం ఇటు తిప్పడం కష్టమేమీ కాదు. ఒకవేళ ఈ 20 వేలు కట్టడం కష్టమనిపిస్తే లోన్ ఈఎంఐ కూడా కట్టలేకపోయేవారన్న మాట. ఆ విషయం ముందే తెలిసిపోతుంది.

బంగారం గురించి ఒక్క ముక్క. అవసరం పడితే తాకట్టు పెట్టడంలో తప్పులేదు, కానీ ఆ అవసరం ఆసుపత్రిదో, చదువుదో అయ్యుండాలి. ఆవిడ గాజులు తాకట్టు పెట్టి ఆవిడకే ఈఫిల్ టవర్ చూపిస్తే ఆవిడ దాన్ని చూస్తారా, గాజులు లేని చేతులు చూసుకుంటారా?

ఇప్పుడు మీ 5.9 లక్షలు. ట్రావెల్స్ వాళ్ల కాగితం మీదున్న అంకెతో ఎవరూ తిరిగి రాలేదు. యూరోని 105 రూపాయలనుకుని నేను అంచనా వేశాను. (2025 మొదట్లో 90కి అటూ ఇటూ ఉన్న యూరో అదే ఏడాది వంద దాటేసింది. మీరెళ్లేసరికి ఎంతుంటుందో అనుకుని కాస్త ఎక్కువే పెట్టుకోండి.) ప్యాకేజీ మీద జీఎస్టీ 5 శాతం, 29,500. ట్రావెల్స్ వాళ్లు బిల్లుతో పాటే వసూలు చేసే టీసీఎస్ అనే పన్ను 2 శాతం, దాదాపు 12,400. యూరప్‌లో చాలా దేశాలకు ఒక్కటే సరిపోయే షెంజెన్ వీసా ఫీజు మనిషికి 90 యూరోలు, వీసా కేంద్రం సర్వీస్ చార్జీలతో ఇద్దరికీ ఓ 24 వేలు. ఇన్సూరెన్స్ 5 వేలు. ఇలాంటి టూర్లు చాలావరకు ముంబై నుంచి బయల్దేరతాయి, అక్కడికి రాకపోకలకు 25 వేలు. డ్రైవరు, మేనేజరు టిప్పులు 8 వేలు. ప్యాకేజీలో లేని భోజనాలు, కాఫీలు, ఒక యూరో ఇస్తే గానీ తలుపు తెరుచుకోని టాయిలెట్లు కలిపి రోజుకు 40 యూరోలు, అంటే 55 వేలు. చాక్లెట్లు, సెంట్లు, వియ్యాలవారికి వాచీలు... 60 వేల లోపు ఆపగలిగితే మీరు గట్టివారే. స్వెటర్లు, బూట్లు, పెద్ద సూట్‌కేసులు 25 వేలు. కూడితే 8.34 లక్షలు. మీరు అడిగిన 6 లక్షల లోన్ తీసుకున్నా సరిపోదు, మిగతా రెండు లక్షలకు ఎలాగూ ఎఫ్‌డీ తీయాల్సిందే.

టీసీఎస్ మాత్రం పోయే డబ్బు కాదు. ఇదివరకు 10 లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం ఉండేది, 2026 ఏప్రిల్ నుంచి 2 శాతం చేశారు. అది మీ పాన్ మీద ముందస్తు పన్నుగా జమవుతుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది. జీతంలో కోసే టీడీఎస్‌లో తగ్గించమని ఆఫీసులోనూ చెప్పుకోవచ్చు. అందుకే బిల్లు మొత్తం మీ ఒక్కరి పేరున కాకుండా ఎవరిది వారి పాన్ మీద చేయించుకోండి. ఉద్యోగులకిచ్చే ప్రయాణ రాయితీ ఎల్‌టీసీ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు, పన్ను మినహాయింపు దేశంలో తిరిగినంతవరకే.

ఇంతకీ ఆ ఏడు దేశాలేవో ఒకసారి చూడండి. లీచ్టెన్‌స్టెయిన్ ఉందా? అది 160 చదరపు కిలోమీటర్ల దేశం, దాని రాజధాని వడూజ్‌లో గంటసేపు బస్సు ఆపి ఫొటో తీయించి ఒక దేశం అయిందంటారు. వాటికన్ ఉంటే అదీ ఒక దేశమే, అర చదరపు కిలోమీటరు కూడా లేదు. పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్ అంటూ రోజుకో ఊళ్లో పడుకుని, పొద్దున్నే ఆరింటికి సూట్‌కేసు లాబీలో పెట్టే టూరులో మీ రోజులో పెద్ద భాగం బస్సులోనే పోతుంది. నా సలహా మూడు దేశాలు: ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ. రోమ్ వెళ్తే వాటికన్ ఎలాగూ వస్తుంది కాబట్టి ఇంటికొచ్చి నాలుగు అని చెప్పుకోండి, ఎవరూ కాదనరు.

సొంతంగా వేసుకుంటే ఇలా ఉంటుంది. పారిస్‌లో దిగి రోమ్ నుంచి తిరుగు విమానం. వెనక్కి మళ్లీ పారిస్ రానక్కర్లేదు, ఒక రోజూ ఒక రైలు టికెట్టూ మిగులుతాయి. పారిస్‌లో 4 రాత్రులు, అక్కణ్నుంచి టీజీవీ అనే వేగపు రైల్లో నాలుగు గంటల్లో జ్యూరిక్, లూసర్న్‌లో 3 రాత్రులు, ఆపైన గోథార్డ్ సొరంగం మీదుగా మిలాన్ చేరి ఇటలీలో 5 రాత్రులు. ఆ సొరంగం 57 కిలోమీటర్లు. హోటళ్లకు 1.85 లక్షలు, హైదరాబాద్ నుంచి విమానాలకు 1.3 లక్షలు, రైళ్లకు 70 వేలు, తిండికి 82 వేలు, ప్రవేశ టికెట్లకు 53 వేలు. వీసా, ఇన్సూరెన్స్, బట్టలు, షాపింగ్ పైన చెప్పినట్టే. హైదరాబాద్ రాకపోకలు కలిపినా 6.4 లక్షల్లో అయిపోతుంది. విమానం, హోటలు విడివిడిగా కొంటే ప్యాకేజీ కాదు కాబట్టి టీసీఎస్ లేదు. విదేశీ కరెన్సీ నింపుకునే ఫారెక్స్ కార్డులో వేసుకునే డబ్బుకూ మనిషికి ఏడాదికి 10 లక్షల దాకా లేదు.

ప్రవేశ టికెట్లను తక్కువ అంచనా వేయకండి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం 2026 జనవరి నుంచి యూరప్ బయటివారికి 32 యూరోలు చేసింది, ఇద్దరికీ దాదాపు 6,700 రూపాయలు. మంగళవారం మూసేస్తారు కూడా. స్విట్జర్లాండ్‌లో 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోక్‌కి రైలెక్కితే అంతకు చాలా ఎక్కువే అవుతుంది, పైగా అక్కడ యూరో కాదు, ఫ్రాంకు. మబ్బు పట్టిన రోజు ఎక్కితే పైన తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు. పొద్దున వాతావరణం చూసుకుని టికెట్ కొనుక్కునే స్వేచ్ఛ గ్రూపు టూరులో ఉండదు.

డబ్బు సర్దుబాటు చెబుతాను. మీ ఇంటి ఖర్చు ఆరు నెలలకు 4.8 లక్షలు. 9 లక్షల ఎఫ్‌డీలో 5 లక్షలు దానికి, కదపకండి. ఈసారి రెన్యువల్ చేసేటప్పుడు 5, 4గా రెండు ముక్కలు చేసి, 4 లక్షలదాన్ని వచ్చే ఏడాది ఆగస్టులోపు తీరేట్టు వేయండి. మధ్యలో విరగ్గొట్టి వడ్డీ పోగొట్టుకునే అవసరం ఉండదు. ఆర్‌డీ 3.35, ఈ 4 లక్షల్లోంచి 3.05, మొత్తం 6.4. ఇంకా 95 వేలు చేతిలో ఉంటుంది. విమాన టికెట్లు ఆర్‌డీ తీరకముందే కొనాల్సి వస్తే నెల నెలా మిగిలే మిగతా 20 వేలు ఉన్నాయి కదా. మే నెలాఖరుకు అబ్బాయి ఎమ్మెస్ ఖర్చు మీ అంచనా దాటొచ్చు, అందుకే అప్పటిదాకా ఉచితంగా రద్దు చేసుకోగల హోటల్ బుకింగులు తప్ప ఏమీ పెట్టుకోకండి. టూరు ఒక ఏడాది వెనక్కి జరిగితే 31వ పెళ్లిరోజు అవుతుంది, అంతే.

వీసాకు ఎక్కువ రాత్రులు ఉండే దేశానికి దరఖాస్తు చేయాలి, మీ లెక్కలో ఇటలీ. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు. 30 వేల యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్స్ తప్పనిసరి. పాలసీ తీసుకునేటప్పుడు షుగర్ ఉందని రాయండి, వంద రూపాయలు ఎక్కువైనా సరే, దాచొద్దు. దరఖాస్తుకు వారం ముందు బావమరిది ఖాతాలోంచి మూడు లక్షలు తెచ్చి మీ ఖాతాలో పోసే పని చేయకండి, స్టేట్‌మెంట్‌లో అదే మొదట కనిపిస్తుంది. ఇద్దరూ ప్రభుత్వ ఉద్యోగులు, విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి కావాలి. మన ఆఫీసుల్లో ఫైలు నడక మీకు తెలియనిది కాదు, దాన్ని వీసా కన్నా ముందే కదిలించండి.

ఒక చేదు అనుభవం. లూసర్న్‌లో ఒక దుకాణంలో చాక్లెట్లు కొని కార్డు పెడితే మెషీన్ మీద రెండు అంకెలు వచ్చాయి, ఒకటి ఫ్రాంకుల్లో, ఒకటి రూపాయల్లో. మన రూపాయి కనపడేసరికి ముచ్చటేసి అదే నొక్కాను. ఇంటికొచ్చి చూస్తే ఆ ఒక్క బిల్లు మీద నాలుగు వందల పైచిలుకు ఎక్కువ పడింది. పదిమందికి లెక్కలు చెప్పేవాణ్ని, ఇంట్లో ఇప్పటికీ అంటారు. మీరు ఎప్పుడూ అక్కడి కరెన్సీయే నొక్కండి. మామూలు క్రెడిట్ కార్డుకు విదేశీ లావాదేవీ మీద మూడు, మూడున్నర శాతం దాకా పడుతుంది కాబట్టి ఫారెక్స్ కార్డు తీసుకుని, జూన్ నుంచి మూడు విడతల్లో యూరోలు వేయండి. నోట్లు మూడు నాలుగు వందల యూరోలు చాలు.

ఇక ఆవిడ భోజనం. గ్రూపు టూరుకు నేను ఒప్పుకునే మంచి గుణం అదొక్కటే, రాత్రికి పప్పూ అన్నం దొరుకుతాయి. సొంతంగా వెళ్తే లూసర్న్‌లో వంటగది ఉన్న గది తీసుకోండి, అక్కడ బయట తింటే గుండె గుభేలుమంటుంది. కూప్, మిగ్రోస్ సూపర్ మార్కెట్లలో బియ్యం, పెరుగు, కూరగాయలు దొరుకుతాయి. కందిపొడి, ఆవకాయ, పులిహోర పేస్టు గట్టిగా ప్యాక్ చేయించి చెక్-ఇన్ సామానులో పెట్టుకోండి. పాల ఉత్పత్తులు, మాంసం బయటి నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు, కాబట్టి నెయ్యి డబ్బా మాత్రం కాకినాడలోనే వదిలేయండి. అక్కడి వెన్న కాచుకుంటే సరిపోతుంది.