ఎంపీ మన ఊరి సమస్య పార్లమెంటులో మాట్లాడితే పని అవుతుందా?

మీ ఎంపీ జీరో అవర్‌లో, అంటే సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే సమయంలో, మీ ఊరి గురించి మాట్లాడి ఆర్నెల్లయినా ఏమీ కదల్లేదని, ఇదంతా వీడియో కోసమేనా అని అడిగారు. నేను మూడేళ్లు ఢిల్లీలో ఒక లోక్‌సభ సభ్యుడి దగ్గర సహాయకుడిగా పనిచేశాను. మంత్రి పదవి లేని, వెనక వరసలో కూర్చునే ఎంపీ. పని అవుతుందండీ, కాకపోతే ఆ తర్వాత ఎవరో ఒకరు వెంటపడాలి.

జీరో అవర్‌లో లేవనెత్తిన దానికి మంత్రి అక్కడికక్కడ జవాబు చెప్పాలన్న నియమం లేదు. అందులో అవకాశం రావడమే కష్టం. పొద్దున 10 గంటల్లోపు నోటీసు ఇవ్వాలి, పేర్లు లాటరీలో తీస్తారు. మా నియోజకవర్గంలో ఒక అండర్‌పాస్ ఉండేది. వానొస్తే నడుము లోతు నీళ్లు, బడిపిల్లలు నాలుగు కిలోమీటర్లు చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లు. దాని కోసం వరసగా మూడు రోజులు నోటీసు ఇచ్చినా పేరు రాలేదు. నాలుగో రోజు వచ్చింది, గొడవలో సభ వాయిదా పడింది.

అప్పుడు లోక్‌సభ 377వ నిబంధన కింద ఇచ్చాం, అంటే విషయాన్ని రాసిచ్చి సభ దృష్టికి తెచ్చే పద్ధతి. దానికి 250 పదాలే హద్దు. నేను రాసింది 400 దాటింది. ఆ రాత్రి మా ఎంపీ సార్ పక్కన కూర్చుని పొగడ్తలన్నీ కొట్టేశారు. ఊరి పేరు, పిల్లల సంఖ్య, నీటి లోతు మాత్రం ముట్టుకోనివ్వలేదు. ఆ లోతు మాకెలా తెలిసిందంటే, ఆ ఊరి పెద్దాయన ఒకరు నీళ్లలో కొలకర్ర నిలబెట్టి ఫోటో తీసి, వెనక తేదీ రాసి, పంచాయతీ తీర్మానం నకలుతో పంపారు. మాకొచ్చే అర్జీల్లో నూటికి తొంభై 'రోడ్డు బాగోలేదు, దయచేసి చూడండి' అనే ఉంటాయి. వాటితో మేం ఏం రాయగలం?

ఆ రోజు దాన్ని చదవనుకూడా లేదు, సభ ముందు ఉంచారంతే. వీడియో లేదు. కానీ 377కి సంబంధిత శాఖ నుంచి లిఖితపూర్వకంగా జవాబు రావాలి. మూడు నెలలకు వచ్చింది: 'పరిశీలనలో ఉంది.' నాకు నీరసం వచ్చేసింది. సార్ మాత్రం ఆ ఉత్తరాన్నే పట్టుకుని తర్వాతి సమావేశాలకు 15 రోజుల ముందే నక్షత్రం గుర్తు లేని ప్రశ్న, అంటే మంత్రి రాతపూర్వకంగా జవాబిచ్చే ప్రశ్న, వేయించారు. అంచనా ఎప్పుడు తయారైంది, ఎంతకు, మంజూరు ఎప్పుడు అని. అలా అడిగితే 'పరిశీలన' అని దాటేయడం కష్టం. మరుసటి వానాకాలానికి కాలువ తవ్వి మోటార్లు పెట్టారు. పెద్ద వానకి ఇప్పటికీ నీళ్లు నిలుస్తాయి, సాయంత్రానికి మోటార్లు తోడేస్తాయి.

మీరు చేయాల్సింది చెబుతాను. మీ ఎంపీ ఏ తేదీన మాట్లాడారో చూసి, ఆ రోజు చర్చల ప్రతి లోక్‌సభ వెబ్‌సైట్‌లో తీసుకోండి. అది పట్టుకుని ఆయన ఆఫీసుకి వెళ్లి, మంత్రి నుంచి ఉత్తరం వచ్చిందా, నకలు ఇవ్వండి అని అడగండి. రాకపోతే 377 కిందో, ప్రశ్నగానో మళ్లీ వేయమనండి. వెళ్లేటప్పుడు ఫోటో, తేదీ, కొలతలు తీసుకెళ్లండి.