రాబడిని బట్టి కళాశాలకు ర్యాంకు ఇవ్వవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది డిగ్రీలో చేరబోతున్నాడు. కళాశాలలకు ర్యాంకులు ఇచ్చేవారు పరిశోధన పత్రాలు, అధ్యాపకుల సంఖ్య, పేరుప్రతిష్ఠలు చూస్తున్నారు. అప్పు చేసి చదివించే మా వంటివారికి వాటితో ఏం పని? పెట్టిన డబ్బుకు ఎంత తిరిగి వస్తుందన్న ఒక్క లెక్క మీదనే ర్యాంకులు ఇస్తే సరిపోదా?

జవాబు: మీరు అడిగినదానిలో సగం నాకు పూర్తిగా సమ్మతం. అప్పు చేసి ఫీజు కట్టే కుటుంబానికి, ఆ చదువు పూర్తిచేసినవారు ఎంత సంపాదిస్తున్నారో చేరకముందే తెలుసుకునే హక్కు ఉంది. ఆ వివరాలను దాచడానికి కళాశాలలు చెప్పే ఏ సాకూ నాకు సమంజసంగా తోచదు. అయితే ఆ లెక్కను అందరి ముందు పెట్టడం వేరు, దానినే ఆధారం చేసుకుని కళాశాలలను ఒకటి, రెండు, మూడు అని వరుసలో నిలబెట్టడం వేరు. మొదటిది తప్పక జరగాలి. రెండవది మీ అబ్బాయికి మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

ముందుగా ఈ లెక్క ఎలా కడతారో చూద్దాం. ఖర్చు అంటే ఫీజు ఒక్కటే కాదు. వసతి, పుస్తకాలు, రుణం మీద వడ్డీ, చదువుకునే ఏళ్లలో ఉద్యోగం చేయనందువల్ల వదులుకున్న జీతం కూడా అందులో చేరతాయి. రాబడి అంటే, ఆ చదువు లేకపోయినా వచ్చి ఉండే సంపాదన పోగా అదనంగా వచ్చినది. ఒక కళాశాలలో ఖర్చు 100, అదనపు సంపాదన 1,000 అనుకోండి. మరొక కళాశాలలో ఖర్చు 400, అదనపు సంపాదన 2,400 అనుకోండి. రెట్లలో చూస్తే మొదటిదానిలో పది రెట్లు, రెండవదానిలో ఆరు రెట్లు వస్తుంది కనుక మొదటి కళాశాలే పైన ఉంటుంది. ఖర్చు పోగా మిగిలేది చూస్తే మొదటిదానిలో 900, రెండవదానిలో 2,000 కనుక రెండవది పైకి వస్తుంది. అంకెలు ఏమీ మారలేదు, సూత్రం మారేసరికి ర్యాంకులు తారుమారయ్యాయి.

ఎన్నేళ్లకు లెక్క కట్టాలన్నది ఇంకొక చిక్కు. అమెరికాలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒక అధ్యయన కేంద్రం 2019లో సుమారు 4,500 కళాశాలలకు మీరు కోరిన పద్ధతిలోనే ర్యాంకులు ఇచ్చింది. చేరిన 10 ఏళ్లకు చూసినప్పుడు తక్కువ ఖర్చుతో త్వరగా ముగిసే సర్టిఫికెట్ కోర్సులు, రెండేళ్ల కళాశాలలు ముందున్నాయి; 40 ఏళ్లకు చూసినప్పుడు నాలుగేళ్ల డిగ్రీలు వాటిలో చాలావాటిని దాటిపోయాయి. ఆ దీర్ఘకాలపు జాబితాలో ఫార్మసీ కళాశాలలు అగ్రభాగాన నిలిచాయి. అక్కడి పాఠాలు మిగతా చోట్లకన్నా గొప్పవని దీనివల్ల తేలదు. అక్కడ చేరినవారిలో అత్యధికులు మంచి జీతం ఉన్న ఒకే వృత్తిలోకి వెళతారు కనుక ఆ అంకె కళాశాల గురించి చెప్పేదానికన్నా కోర్సు గురించి చెప్పేదే ఎక్కువ.

ఇంతకన్నా లోతైన ప్రశ్న, ఆ జీతం కళాశాల వల్ల వచ్చిందా, లేక విద్యార్థి తనతో తెచ్చుకున్న తెలివితేటలు, పట్టుదల, కుటుంబ పరిచయాల వల్ల వచ్చిందా అన్నది. స్టేసీ డేల్, ఆలన్ క్రూగర్ అనే పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, గట్టి పోటీ ఉన్న కళాశాలలో సీటు వచ్చినా అంతకన్నా తక్కువ పోటీ ఉన్నచోట చేరినవారిని, గట్టి పోటీ ఉన్నచోటనే చదివినవారితో పోల్చి చూశారు. చాలామంది విషయంలో సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం ఆ కళాశాలల వల్ల నిజంగానే మేలు జరిగింది. ఎంతో విలువైన ఈ రెండవ విషయం కళాశాలకంతటికీ కలిపి కట్టిన ఒక్క రాబడి అంకెలో కనబడకుండా పోతుంది.

ర్యాంకు ఇచ్చిన తరువాత ఏం జరుగుతుందో కూడా చూడాలి. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం, కళాశాలలకు ర్యాంకులు ఇచ్చే యు.ఎస్. న్యూస్ సంస్థకు పంపిన వివరాలు సరిగా లేవని ఆ విశ్వవిద్యాలయంలోనే పనిచేసే గణిత ఆచార్యుడు మైకేల్ థాడియస్ 2022లో ఎత్తిచూపారు. కొన్ని అంకెలు తప్పని విశ్వవిద్యాలయం తరువాత ఒప్పుకుంది, ఆ ఏడాదే రెండవ స్థానం నుంచి పద్దెనిమిదవ స్థానానికి పడిపోయింది. రాబడి మీద ర్యాంకు ఇస్తే కళాశాలలకు అంకెలు మార్చే పని కూడా ఉండదు. జీతాలు తక్కువగా ఉండే ఉపాధ్యాయ శిక్షణ, సామాజిక సేవ, భాషల విభాగాలను మూసివేస్తే చాలు, ఒక్క పాఠం కూడా మెరుగుపరచకుండానే ర్యాంకు పెరుగుతుంది. బడి పిల్లలకు అక్షరాలు నేర్పేవారిని తయారుచేసినందుకు ఒక కళాశాల జాబితాలో కిందికి జారడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

ప్రశ్న: మా అమ్మాయి చరిత్ర చదవాలని పట్టుబడుతోంది. ఆమె కోరుకున్న కళాశాల రాబడి జాబితాలో బాగా కింద ఉంది. వద్దని చెప్పమంటారా?

జవాబు: ఆ జాబితా చూసి మాత్రం వద్దని చెప్పకండమ్మా. అందులో ఉన్నది ఆ కళాశాలలోని అన్ని కోర్సులవారి సంపాదన కలిపి తీసిన అంకె అయితే, అది మీ అమ్మాయి గురించి చెప్పగలిగింది చాలా తక్కువ. ఆ అంకెలో ఎవరిని లెక్కించారో కూడా అడగండి. కళాశాలలను పోల్చి చూసుకోవడానికి అమెరికా ప్రభుత్వం 2013లో ప్రారంభించి, 2015లో జీతాల వివరాలు చేర్చిన కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే వెబ్‌సైట్ వంటి పెద్ద ప్రయత్నంలో కూడా ఆ జీతాల వివరాలు ప్రభుత్వ ఆర్థిక సహాయం పొందిన విద్యార్థులవే. మిగిలినవారు ఆ లెక్కలోకి రారు. కొన్ని కళాశాలలు ఉద్యోగం దొరికినవారి జీతాలను మాత్రమే కలిపి సగటు చెబుతాయి. అప్పుడు అందరికన్నా ఎక్కువ జీతం వచ్చిన ఇద్దరు ముగ్గురి వల్ల సగటు అమాంతం పెరుగుతుంది కనుక, మధ్యగతం, అంటే జీతాలన్నిటినీ వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చే జీతం, ఎంతో చెప్పమనండి.

చరిత్ర విభాగంలో చేరిన ప్రతి వందమందిలో ఎంతమంది డిగ్రీ పూర్తిచేశారో తప్పక తెలుసుకోండి. అప్పు చేసి చేరి, చదువు మధ్యలో మానేసినవారికి వాయిదాలు మిగులుతాయి, పట్టా మాత్రం చేతికి రాదు. అన్నిటికన్నా పెద్ద నష్టం అదే. ఆ విభాగంలో చదివి తక్కువ జీతం తెచ్చుకుంటున్న నాలుగోవంతు మంది సంపాదనను మీరు కట్టవలసిన నెలవారీ వాయిదా పక్కన పెట్టి చూడండి. ఆ జీతంలో వాయిదా పోగా బతకడానికి సరిపడా మిగులుతుంటే అమ్మాయిని నిశ్చింతగా చేర్పించండి. మిగలకపోతే చరిత్రను వదులుకొమ్మని చెప్పేముందు, అదే చరిత్రను తక్కువ ఖర్చుతో బోధించే మరొక కళాశాల ఉందేమో ఆమెతో కలిసి వెతకండి.