బెంచి దగ్గర ప్రశ్నలు: బ్రీచ్ చూసుకున్నాకే లాక్ కొనండి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది ఒంగోలు. ఎనిమిదేళ్లుగా ఒహాయోలోని కొలంబస్‌లో ఉంటున్నాం. ఈమధ్య పిల్లల్ని తీసుకుని వాషింగ్టన్ వెళ్లినప్పుడు ఫోర్డ్స్ థియేటర్ మ్యూజియంలో, లింకన్‌ని కాల్చిన పిస్టల్ చూశాను. అరచేతిలో ఇమిడిపోయేలా ఉంది. అప్పట్నుంచీ అలాంటి బ్లాక్ పౌడర్ (పాతకాలపు తుపాకిమందు) పిస్టల్ ఒకటి నా చేత్తో చేసి, క్లబ్బులో కాగితం టార్గెట్ మీద కాల్చి చూడాలని కోరిక. చెక్కపని నాకు అలవాటే. టీపాయ్ చేశాను, మా చిన్నదానికి ఉయ్యాల చేశాను. లాక్ దగ్గరకొచ్చేసరికి ఆగిపోయాను. స్ప్రింగ్ ముందుండేవి కొన్ని, వెనక ఉండేవి కొన్ని. బిగించి అమ్మేవి కొన్ని, విడి భాగాలుగా అమ్మేవి కొన్ని. కేటలాగులు చూస్తుంటే తల తిరుగుతోంది. ఏది కొనమంటారు?
– ఓ పాఠకుడు, కొలంబస్

జవాబు: ముందు ఇంట్లో వివరంగా చెప్పండి. నేను మొదటిసారి ‘లాక్ కొంటున్నా’ అంటే మా ఆవిడ వీధి తలుపుకనుకుని, వెనక తలుపుకి కూడా ఒకటి తెమ్మంది. తుపాకీకి లాక్ అంటే హ్యామర్, స్ప్రింగ్, వాటిని పట్టి ఉంచే ఇనప ప్లేటు, అన్నీ కలిసిన యంత్రం.

ఇక మీ ప్రశ్న. చిన్న సైజుది, స్ప్రింగ్ ముందువైపు ఉన్నది, తయారుచేసినవాళ్లే బిగించి అమ్మేది కొనండి. అయితే అంతకంటే ముందు బ్యారెల్, దాని వెనక చివరని మూసే బ్రీచ్ కొనండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. లాక్ అందంగా ఉందని కొనేస్తారు, తర్వాత దాని హ్యామర్ నిపుల్ (దెబ్బకి పేలే చిన్న రాగి క్యాప్‌ని తొడిగే మొన) మీద పడక పక్కకి పోతుంది. నిపుల్ ఉండేది బ్రీచ్ దగ్గర. కొన్నిటిలో బ్యారెల్ పక్కన బిగించే డ్రమ్ మీద ఉంటుంది, కొన్నిటిలో బ్రీచ్‌తో కలిపి పోతపోసిన ఉబ్బు మీద ఉంటుంది. డ్రమ్ అయితే లాక్ ప్లేటు పైఅంచులో దానికి సరిపడా గుంట ఉండాలి. డ్రమ్ ఆ గుంటలో ఆనుకుని కూర్చుంటుంది. ఆనుకోకపోతే హ్యామర్ పడ్డ ప్రతిసారీ దెబ్బంతా డ్రమ్ మరల మీదే పడుతుంది. ఉబ్బు ఉన్న రకమైతే ఆ బ్రీచ్‌కి నప్పే లాక్ ఏదో అమ్మేవాళ్లే చెబుతారు. రెండూ ఒకే చోట, ఒకే ఆర్డర్‌లో తీసుకుంటే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది.

మీరు చూసిన పిస్టల్ ఫిలడెల్ఫియాలో హెన్రీ డెరింజర్ చేసింది. మొత్తం పొడవు ఆరంగుళాల లోపే. దాని లాక్‌లో స్ప్రింగ్ హ్యామర్ వెనక, అంటే పిడి వైపు ఉంటుంది. (ఆయన పేరు మధ్యలో ఇంగ్లిష్ ఆర్ ఒక్కటే. ఆయన్ని చూసి కాపీ కొట్టినవాళ్లు రెండు ఆర్‌లు పెట్టి రాశారు, చివరికి జనంలో ఆ స్పెల్లింగే నిలిచింది.) పొట్టి పిస్టల్‌కి ఆ ఏర్పాటు బాగానే ఉంటుంది కానీ, చేసేవాడికి చిక్కు. పిడి వంపు తిరిగేచోట చెక్క నార అడ్డంగా తెగుతుంది. పేలినప్పుడు తన్నే దెబ్బా అక్కడే. స్ప్రింగ్ కోసం మళ్లీ అక్కడే గుంట తవ్వాలి. ఉయ్యాల చేసినవారికి చెక్క ఎక్కడ విరుగుతుందో నేను చెప్పనక్కర్లేదు. అందుకే మొదటిదానికి డెరింజర్ వద్దు. తొమ్మిది పది అంగుళాల బ్యారెల్‌తో కెంటకీ తరహా పిస్టల్ చేయండి. స్ప్రింగ్ ముందుండే లాక్ దానికి హాయిగా పడుతుంది. రైఫిల్ లాక్ మాత్రం పెట్టొద్దు. ఆ ప్లేటే దాదాపు అయిదంగుళాలు ఉంటుంది. ఒకపక్క బ్యారెల్ గాడి, కింద గజం (మందు దట్టించే కడ్డీ) బెజ్జం, ఇంకోపక్క ఆ లాక్ గుంట పోగా మధ్యలో మిగిలే చెక్క అప్పడమంత.

విడి భాగాల కిట్ గురించి నా సొంత కథ చెబుతాను. బాలానగర్ టూల్ డిజైన్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకున్నవాణ్ని, ముప్ఫయ్యేళ్లు డైలు చేసినవాణ్ని, నాకు బిగించిన లాక్ ఎందుకు అనుకున్నాను. పోత ముక్కలు తెప్పించి ఆకురాయి పట్టాను, బెజ్జాలు వేశాను, మరలు తీశాను. వెనక్కి లాగిన హ్యామర్‌ని పట్టి ఉంచే సియర్ అనే ముక్కని ఎర్రగా కాల్చి నూనెలో ముంచాను. మళ్లీ సన్నసెగ మీద వేడిచేసి టెంపర్ దించాలి కదా, ఆ రోజు ఎవరో ఫోన్ చేస్తే మాటల్లో పడి మర్చిపోయాను. టెంపర్ దించని ఉక్కు గాజుతో సమానం. బెంచి మీద హాఫ్ కాక్‌లో, అంటే హ్యామర్ సగం వెనక్కి లాగి పెట్టి మూడోసారి చూస్తుండగా సియర్ మొన టిక్కుమని విరిగింది. హ్యామర్ వచ్చి నా బొటనవేలి గోరు మీద పడింది. గోరు నల్లబడి రాలిపోవడానికి నాలుగు నెలలు పట్టింది. క్యాప్ లేదు, మందు లేదు కాబట్టి గోరుతో పోయింది. అదే పిస్టల్లో మందూ గుండూ ఉండగా జరిగితే?

కాబట్టి బిగించినదే కొనండి. అది ఇంటికొచ్చాక కాసేపు చేతిలో పట్టుకుని చూడండి. హ్యామర్‌ని బొటనవేలితో మెల్లగా వెనక్కి లాగండి. రెండు క్లిక్కులు విడివిడిగా వినపడాలి. మొదటిది హాఫ్ కాక్, రెండోది ఫుల్ కాక్. హాఫ్ కాక్‌లో ఉంచి, హ్యామర్‌ని వేలితో పట్టుకునే, సియర్ అడ్డకమ్మీని గట్టిగా నొక్కండి. అది వదలకూడదు. కొద్దిగా వదిలినా తిరిగి పంపించేయండి, ఆకురాయితో సవరిద్దామని కూర్చోవద్దు. తర్వాత ప్లేటు వెనక్కి తిప్పి చూడండి. హ్యామర్‌తో పాటు తిరిగే టంబ్లర్ మీద వంతెనలా ఒక ముక్క బిగించి ఉంటుంది, దాని పేరు బ్రైడిల్. అది లేకపోతే టంబ్లర్‌కి ఒకవైపే ఆధారం, నాలుగు రోజులకి ఊగడం మొదలెడుతుంది. టంబ్లర్‌లో మిరపగింజంత ముక్క ఒకటి కదులుతూ కనపడితే విరిగిందని కంగారు పడకండి. దాన్ని ఫ్లై అంటారు. సెట్ ట్రిగ్గర్ (ముందే బిగించి ఉంచితే వేలు తగలగానే వదిలే రకం) పెట్టినప్పుడు సియర్ పోయి హాఫ్ కాక్ గాడిలో తగులుకోకుండా అది దాటిస్తుంది. మీరు మామూలు ట్రిగ్గరే పెట్టండి. ఫ్లై ఉన్నా నష్టం లేదు, లేకపోయినా మీ పని ఆగదు.

హ్యామర్ ముక్కుని కూడా చూడాలి. చివర గుంటగా ఉండి, క్యాప్‌ని చుట్టూ కప్పాలి. క్యాప్ పేలినప్పుడు రాగిరేకు తునకలు ఎగురుతాయి, వాటిని ఆపేది ఆ గుంటే. అయినా కళ్లద్దాలు లేకుండా కాల్చొద్దు. ఇంకో సంగతి, లాక్‌ని ఊరికే చేతిలో పట్టుకుని టప్ టప్‌మని కొట్టి చూడకండి. హ్యామర్‌ని ఆపేది నిపుల్. అది లేనప్పుడు హ్యామర్ హద్దు దాటి పోతుంది, లోపలి భాగాలు దెబ్బతింటాయి.

చెక్కలో దించేటప్పుడు మన కాటుకని మించింది లేదు. ఇక్కడి అమెరికావాళ్లు లిప్‌స్టిక్ కూడా వాడతారు. ప్లేటు అంచులకి పల్చగా కాటుక రాసి గుంటలో పెట్టి, తీసి, నల్లగా అంటినచోట మాత్రమే ఉలితో గీరండి. మొదట ప్లేటు ఒక్కటే దించాలి. అది కూర్చున్నాక స్ప్రింగ్‌కీ టంబ్లర్‌కీ ఒక్కో గుంట. సియర్ కమ్మీ ఎక్కడా చెక్కకి తగలకూడదు. వాన పడ్డప్పుడు చెక్క ఉబ్బి దాన్ని పట్టేస్తే ట్రిగ్గర్ మీకు ఒకరోజు ఒకలా, ఒకరోజు ఇంకోలా అనిపిస్తుంది.

నిపుల్ మర కొలత మాత్రం రెండుసార్లు చూసుకోండి. అమెరికాలో చేసే బ్రీచ్‌లకి ఎక్కువగా పావంగుళం మర ఉంటుంది, అంటే 6.35 మిల్లీమీటర్లు. ఇటలీ, స్పెయిన్ సరుకుకి 6 మిల్లీమీటర్ల మర ఉంటుంది. చూపుకి తేడా తెలియదు. 6 మిల్లీమీటర్ల నిపుల్ పావంగుళం బెజ్జంలో వదులుగా ఎక్కి, బిగుసుకున్నట్టే ఉంటుంది. పేలిన రోజున అది మీ మొహం మీదికే వస్తుంది.

బ్యారెల్ ఎప్పుడూ పేరున్న తయారీదారు దగ్గర కొన్నదే వాడాలి. పైపు ముక్కలతో ప్రయోగాలు చేసేవాళ్ల ఉత్తరాలకి నేను జవాబు రాయను. అందులో వేసేది బ్లాక్ పౌడరే, మామూలు తూటాల్లో ఉండే పొగరాని మందు చిటికెడు కూడా వేయకూడదు.

చట్టం మాట. గొట్టం మూతిలోంచి మందు కూరే (మజిల్ లోడింగ్) ఇలాంటి పాత తరహా తుపాకీని అమెరికా ఫెడరల్ చట్టం యాంటిక్ కిందే లెక్కేస్తుంది. రాష్ట్రాల చట్టాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. మీరు గ్రీన్ కార్డు మీద ఉన్నారో, హెచ్-1బి మీద ఉన్నారో రాయలేదు. వీసా మీద ఉంటే ఒక లాయరుని అడిగాకే ఆర్డర్ పెట్టండి. ఫీజు పోతే పోయింది.

వీలుంటే ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే ఊరికి వెళ్లిరండి. మీకు కారులో మూడు గంటల లోపే. 1933లో మొదలైన జాతీయ మజిల్ లోడింగ్ సంఘం ఉండేది అక్కడే. వాళ్ల పెద్ద పోటీలప్పుడు లాకులు, బ్యారెళ్లు వరసగా దుకాణాల్లో పెడతారు. నాలుగు లాకులు చేతిలో పట్టుకుని హ్యామర్ లాగి చూస్తే ఏది మెత్తగా లేస్తుందో, ఏది గరగరలాడుతుందో వేలికే తెలిసిపోతుంది. పిస్టల్ పూర్తయ్యాక కూడా మొదటి గుండు కాల్చేముందు క్లబ్బులో పాతకాపు ఎవరికైనా చూపించండి.

ప్రశ్న: మా తాతగారి ఇంటి అటక మీద పాత టోపీ తుపాకీ దొరికింది. హ్యామర్ లేదు, మిగతాదంతా బాగానే ఉంది. మీరు చెప్పే లాక్ ఒకటి తెప్పించి బిగించుకోవచ్చా?
– ఓ పాఠకుడు, భువనగిరి

జవాబు: వద్దు బాబూ. పై జవాబు ఒహాయోకి, మీకు కాదు. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేయడమే కాదు, రిపేరు చేయడమూ నేరమే. 2019 సవరణ తర్వాత దీనికి కనీస శిక్ష ఏడేళ్లు. పాతది కదా అంటారేమో. చట్టం వదిలేసేది, రిపేరు చేసినా పేలనివాటినే. మీ దానికి లోపం హ్యామర్ ఒక్కటే అంటున్నారు, అంటే రిపేరైతే పేలుతుందన్నమాట. తాతగారి పేరు మీద పాత లైసెన్సు కాగితాలున్నాయేమో ట్రంకుపెట్టెలో వెతకండి. ఉన్నా లేకపోయినా పోలీసుస్టేషన్‌లో చెప్పండి, ఒక లాయరుని వెంటబెట్టుకుని వెళితే ఇంకా మంచిది.

అప్పటిదాకా దాన్ని అటక మీద నుంచి దించకండి. గొట్టంలో పుల్ల పెట్టి చూడటం, పొయ్యి దగ్గర పెట్టి తుప్పు వదలగొట్టడం లాంటివి అసలే వద్దు. పాతకాలం వాళ్లు మందు కూరి అలాగే దాచేసేవాళ్లు. పొడిగా ఉంటే నూరేళ్ల నాటి మందైనా నిప్పు తగిలితే పేలుతుంది.