నీళ్లు పోసే ముందు అవి ఎటు పోతున్నాయో చూడు

అమ్మలూ,

ఈ పెట్టె, ఈ ఉత్తరం నీకు అందేసరికి కారు బానెట్ ఎత్తి ఉంటే ఎత్తే ఉంచు, ఫర్వాలేదు. రేడియేటర్ మూత మీద మాత్రం చెయ్యి వెయ్యకు. ఇంజన్ ఆపి రెండు గంటలైనా గడవాలి. రేడియేటర్ పైభాగానికి వెళ్లే లావుపాటి హోస్ పైపు పట్టుకుంటే చల్లగా తగలాలి, నొక్కితే మెత్తగా అణగాలి. అప్పుడే మూత తియ్యాలి. మిగతా పనులన్నీ దాని తర్వాతే.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, సెకండ్ హ్యాండ్ కారు కొన్నావని, అందులో ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ తగ్గిపోతోందని, షెడ్డుకి తీసుకెళ్లకుండా నువ్వే విప్పి చూస్తానంటున్నావని, పైగా అదే కారులో శ్రీశైలం ప్రయాణం పెట్టుకున్నావని ఒక్క గుక్కలో చెప్పింది. "నువ్వైనా చెప్పరా దానికి" అంది. వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎండాకాలం సెలవుల్లో ఆటోనగర్ షెడ్డుకొచ్చి, కిరసనాయిల్లో కడిగిన బోల్టులన్నీ సైజులవారీగా డబ్బాల్లో సర్దిన పిల్లవి. ఎనిమిదో నంబరు పానా ఏదో, పదో నంబరు ఏదో కళ్లు మూసుకుని చేత్తో పట్టి చెప్పేదానివి. ఆ చేతులు మళ్లీ పానా పడుతున్నాయంటే నాకు చాలా గర్వంగా ఉంది. భయం కూడా అంతే ఉంది.

"కూలెంట్ సీసాలో మ్యాక్స్ గీత నుంచి మిన్ గీతకి దిగిపోతోంది, కింద చుక్క కనబడటం లేదు, పోస్తూ నడిపిస్తున్నా" అన్నావట. కోపం వచ్చింది ఆ మాటకే. కూలెంట్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదమ్మా. అంతా మూసి ఉన్న దారిలో అదే నీరు తిరుగుతూ ఉంటుంది. అలా పదే పదే తగ్గుతోందంటే ఎక్కడో దానికి దారి దొరికింది. పోస్తూ నడపడం ఎలా ముగుస్తుందో నీకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. నేను చెప్తాను.

మీ నాన్న కుడి ముంజేతి మీద మచ్చ పాలు పొంగి పడి అయిందని నీ చిన్నప్పుడు చెప్పారు. కాదు. బావకి అప్పుడు పాత అంబాసిడర్ ఉండేది. పొద్దున్నే రేడియేటర్లో చెంబెడు నీళ్లు పోసి బయల్దేరడం ఆయనకి అలవాటు. రోజూ ఆ చెంబెడు నీళ్లు ఎటు పోతున్నాయని ఒక్కసారీ వంగి చూడలేదు. బెజవాడలో ఇంటికీ ఆఫీసుకీ మధ్య తిరిగినన్నాళ్లూ ఏమీ కాలేదు కాబట్టి, కారు తత్వమే అంతనుకున్నాడు.

ఆ ఏడు కార్తీకమాసంలో అందరం శ్రీశైలం బయల్దేరాం. వినుకొండ దాటి దోర్నాల దాకా బాగానే వచ్చింది. అక్కణ్ణుంచి నల్లమలలో ఎక్కుడు. నిండా మనుషులు, సామాను, రెండో గేరు. హీటు ముల్లు పైకి పోయింది. కాసేపటికి దానంతటదే కిందికి దిగింది. బావ "తగ్గింది చూశావా" అన్నాడు. తగ్గలేదు. లోపల నీళ్లు దిగిపోయి, సెన్సారు ఉన్న చోటికి నీరు అందక ముల్లు పడిపోయింది. నీళ్లలో మునిగి ఉన్నంతసేపే అది నిజం చెప్తుంది. ఎక్కుడులో ముల్లు ఉన్నట్టుండి పడిపోతే ఊపిరి పీల్చుకోకు, వెంటనే బండి పక్కకి తీసి ఆపు.

ఇంకో మలుపు తిరిగామో లేదో బానెట్ అంచుల్లోంచి ఆవిరి వచ్చింది. చీకటి పడేలోపు కొండ ఎక్కాలని అందరికీ తొందర. "చల్లారనీ బావా" అన్నాను. షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాణ్ణి, నా మాట ఆయన చెవికెక్కలేదు. తువ్వాలు మడిచి మూత మీద వేసి ఒక్క తిప్పు తిప్పాడు. కుక్కర్లో ఆవిరి ఉండగా మూత లాగితే ఏమవుతుందో అదే అయింది. మూత బిగించి ఉన్నంతసేపు ఒత్తిడి వల్ల లోపలి నీరు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. ఒత్తిడి పోగానే ఒక్కసారిగా ఆవిరై లేస్తుంది. తువ్వాలుని ఎగరగొట్టి ముంజేతి మీదకీ మెడ కిందకీ కొట్టింది. వెనక వస్తున్న లారీ ఆగింది. ఆ డ్రైవరన్న తన తాగేనీళ్ల క్యాను మొత్తం బావ చేతి మీద సన్నగా ధార కట్టి పోశాడు. ఎవరో టూత్ పేస్టు రాయమంటే రాయనివ్వలేదు. చెయ్యి దక్కిందంటే ఆ నీళ్ల వల్లే అని తర్వాత డాక్టరు చెప్పాడు.

అంత నొప్పిలోనూ బావ "ముందు ఇంజన్లో నీళ్లు పొయ్యండి" అంటూనే ఉన్నాడు. ఆగినవాళ్లలో ఎవరో సాయం చేద్దామని బకెట్టుతో చల్లటి నీళ్లు పోసేశారు. ఎండిపోయి మాడుతున్న ఇనుము మీద ఆ నీళ్లు పడ్డాయి. లోపల టక్కుమని చప్పుడైంది. తర్వాత ఇంజన్ పైభాగం, హెడ్ అంటామే, అది విప్పితే రెండు వాల్వు సీట్ల మధ్య వెంట్రుకంత సన్నని చీలిక కనబడింది, వేలితో రాస్తే గోటికి తగిలింది. ఇంతకీ నీళ్లు కారింది ఎక్కణ్ణుంచి? కింది హోస్ పైపు క్లిప్పు దగ్గర. రబ్బరు గట్టిపడి క్లిప్పు వదులైంది. ఇంజన్ వేడెక్కి ఒత్తిడి పెరిగినప్పుడే కారేది, చల్లారితే ఆగిపోయేది. ఒక్కరోజు టార్చిలైటు పట్టుకుని చూసి ఉంటే స్క్రూడ్రైవర్‌తో పోయే జబ్బు.

దారిలో కారు ఆగితే మీ అమ్మకి గుండెదడ ఎందుకో ఇప్పుడు తెలిసిందిగా. ఆమె మీద విసుక్కోకు.

ఇక నీ కారు సంగతి. చేతులు పెట్టే ముందు తాళంచెవి తీసి జేబులో పెట్టుకో, బ్యాటరీ మైనస్ వైరు విప్పు. రేడియేటర్ ఫ్యాను కరెంటుది, కొన్ని కార్లలో ఇంజన్ ఆపాక కూడా వేడికి దానంతటదే తిరుగుతుంది. చున్నీ తీసి లోపల పెట్టు, జుట్టు ముడి వేసుకో. కిందికి దూరాల్సి వస్తే ఒట్టి జాకీ మీద నమ్మకం పెట్టుకుని దూరకు, స్టాండ్లు పెట్టాల్సిందే. స్టాండ్లు లేకపోతే ఆ పని నీది కాదు.

కింద నీళ్లు కనబడితే ముందు వేలితో తాకి చూడు. ఏసీ నీళ్లయితే రంగు, వాసన, జిగురు ఏవీ ఉండవు. కూలెంట్ వేళ్ల మధ్య జారుతుంది, తియ్యటి వాసన వస్తుంది. నీకు అసలు మడుగే లేదంటున్నావు. అంటే చుక్క కింద పడేలోపే వేడి లోహం మీద ఇగిరిపోతోందేమో, కింద ప్లాస్టిక్ ట్రేలో నిలుస్తోందేమో, కారు లోపలికి పోతోందేమో, ఇంజన్లోకే పోతోందేమో. తడి కోసం కాకుండా మరక కోసం వెతుకు. ఇగిరిన చోట తెల్లగానో, కూలెంట్ రంగులోనో పొడి పేరుకుంటుంది. హోస్ పైపుల కొసలు, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే మడత, నీటి దారి తెరిచి మూసే థర్మోస్టాట్ మూత అంచు, సీసా అడుగు, రేడియేటర్ మూత లోపలి రబ్బరు చూడు. ఆ రబ్బరు పగిలితే మూత మారిస్తే సరిపోతుంది.

వాటర్ పంపు ఇరుసు కింద చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ మరక కట్టి కారుతుంటే లోపలి సీలు పోయిందని అర్థం. ఆ రంధ్రం ఆ మాట చెప్పడానికే పెట్టింది. దాన్ని ఎంసీల్‌తో మూసేసేవాళ్లను చూశాను. అలా మూస్తే ఆ నీరు బేరింగులోకి పోతుంది. పంపు మార్చాలి, వేరే దారి లేదు.

పెట్టెలో ఉన్నది నా ప్రెషర్ టెస్టర్. చల్లటి ఇంజన్ మీద మూత తీసి, నీరు నిండుగా ఉందో లేదో చూసి, ఆ స్థానంలో దీన్ని బిగించి పంపు కొట్టు. నీ మూత మీద ఎంత ఒత్తిడి దాకా తట్టుకోవాలో 0.9 బార్ అనో 1.1 బార్ అనో రాసి ఉంటుంది. ముల్లు ఆ అంకె దగ్గర ఆపు, ఒక్క గీత కూడా దాటించకు. దాటిస్తే బాగున్న పైపులు కూడా పగలొచ్చు. పావుగంట ఆగు. మాట్లాడకు, పాటలు పెట్టకు. ముల్లు దిగుతుంటే సన్నగా సుయ్‌మని వినబడుతుంది, లేదా ఎక్కడో చుక్క ఊరుతుంది. బయట ఏమీ కనబడకుండా ముల్లు దిగిపోతోందా, ఎడమ సీటు ముందు కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టు. తడిగా, జిడ్డుగా ఉంటే కారు లోపలికి వేడిగాలి ఇచ్చే హీటర్ రేడియేటర్ కారుతోంది. అద్దం లోపలివైపు జిడ్డు పొర పడుతోందేమో అది కూడా గమనించు.

అక్కడా లేకపోతే నాకు భయం వేసేది ఒక్కటే, హెడ్ గ్యాస్కెట్, అంటే హెడ్‌కీ దాని కింది ఇంజన్‌కీ మధ్య ఉండే పలచటి పలక, పోవడం. పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేశాక సీసాలో ఆగకుండా బుడగలు రావడం, ఇంజన్ వేడెక్కాక కూడా పొగ గొట్టంలోంచి తియ్యటి వాసనతో తెల్లపొగ, ఆయిల్ మట్టం చూసే గేజి కడ్డీ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉండటం దాని గుర్తులు. ఆయిల్ మూత కింద మాత్రమే కాస్త తెల్లటి నురగ ఉంటే బెంబేలు పడకు, దగ్గర దగ్గర తిరిగే బండికి తేమ వల్ల అలా అవుతుంది. మిగతా గుర్తులు ఉంటే మాత్రం నడపకు. టోయింగ్ బండి ఎక్కించు, మంచి మేస్త్రీ చేత హెడ్ ఫేసింగ్, అంటే దాని అడుగు సమంగా ఉందో లేదో, చూపించాలి. ఇప్పటి అల్యూమినియం హెడ్ ఒక్కసారి బాగా హీటెక్కితే చాలు, వంగిపోతుంది.

కారే చోటుని పూడ్చే స్టాప్ లీక్ డబ్బా కొన్నావని కూడా విన్నాను. తిరిగి ఇచ్చెయ్. పూర్వం ఘాట్‌లో లారీ డ్రైవర్లు రేడియేటర్లో పసుపు వేసి ఊరు చేరేవాళ్లు. అడవి మధ్యలో అది ప్రాణం కాపాడే ఉపాయమే, నేను తప్పు పట్టను. కానీ ఆ పసుపు తర్వాత గొట్టాల్లో గట్టిపడితే షెడ్డులో గీకినవాణ్ణి నేను. నీ కారులో సన్నటి దారులు, అవి పూడితే కారడం ఆగినా హీటు ఆగదు.

హోస్ పైపే అయితే నువ్వు చెయ్యగలవు. పాత పైపుని స్క్రూడ్రైవర్‌తో ఎత్తి లాగకు, కింద ప్లాస్టిక్ మూతి చిట్లుతుంది. మెలి తిప్పి పట్టు వదిలించి లాగు, రాకపోతే బ్లేడుతో పైపుని నిలువునా కోసెయ్. కొత్తది ఎక్కించాక క్లిప్పు మూతి మీది గట్టుకి వెనక కూర్చోవాలి. మరీ బిగిస్తే రబ్బరు తెగుతుంది.

కూలెంట్ కలపకుండా పోసే రకమో, సగానికి సగం నీళ్లు కలపాల్సిన రకమో డబ్బా మీద చదువు. కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటరే, బోరు నీళ్లు పొయ్యకు, లోపల సున్నం పట్టేస్తుంది. రంగు ఒకటైనంత మాత్రాన రకం ఒకటి కాదు, మాన్యువల్లో ఏది రాసి ఉంటే అదే కొను. పాత కూలెంట్ కింద పోనివ్వకుండా టబ్బులో పట్టు. సెల్లార్లో కుక్కపిల్లలకి పాలు పోస్తున్నావని మీ అమ్మ చెప్పింది. అది తియ్యగా ఉంటుంది, అవి నాకేస్తాయి. కాస్త తాగినా కిడ్నీలు పోయి చచ్చిపోతాయి. ఒలికింది ఒలికినట్టే తుడిచి, ఆ చోటంతా కడుగు.

పోశాక గాలి తియ్యడం మరవకు. వైరు మళ్లీ తగిలించు. ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉండేలా కారు నిలిపి, మూత తీసే ఉంచి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి ఇంజన్‌ని ఐడిల్‌లో నడవనివ్వు. బుడగలు వచ్చేకొద్దీ మట్టం దిగుతుంది, పోస్తూ ఉండు. మొహం మాత్రం దూరంగా పెట్టు. బుడగలు ఆగి, పై పైపు వేడెక్కి, హీటర్లోంచి వేడిగాలి తగిలితే నీరు అంతటా తిరుగుతున్నట్టు. మట్టం పైకి పొంగుతుంటే మూత బిగించెయ్. అది తిరిగి విప్పేది మర్నాడు పొద్దున చల్లారాకే.

శ్రీశైలం ఈ వారం వద్దు. సీసా మీద మార్కర్‌తో గీత గీసి, ఓ వారం ఊళ్లో తిప్పు. రోజూ పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూడు. గీత కదలకపోతే వెళ్లు, నేను ఆపను. హైదరాబాద్ వైపు దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అంతా అడవి, ఫోన్ సిగ్నల్ మీద, మెకానిక్ షాపు మీద ఆశ పెట్టుకోకు. రాత్రి తొమ్మిదికి గేటు వేసి పొద్దున ఆరుకి తీస్తారు, కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరు. హీటు ఎర్ర దీపం వెలిగితే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పి, పక్కకి తీసి ఇంజన్ ఆపెయ్. తర్వాత కూర్చుని పులిహోర తిను. గంట పట్టనీ, రెండు గంటలు పట్టనీ, మూత జోలికి పోకు.

శనివారం పొద్దున నేను ఇంట్లోనే ఉంటాను. టెస్టర్ బిగించాక వీడియో కాల్ చెయ్యి. ముందు ముల్లు చూపించు, తర్వాత నీ మొహం. మీ అమ్మకి నేను సర్దిచెప్తాను. టెస్టర్ వెనక్కి పంపకు, అది ఇక నీదే.

నీ
మామయ్య