బండికి రెండో చెవి

ప్రశ్న: కొబ్బరితోటలో మానులకు తగలకుండా తిరిగే చిన్న బండి చేస్తున్నాం. ఆర్డినో యూనో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే, శబ్దంతో దూరం కొలిచే సెన్సర్ పెట్టాం. ఎదురుగా ఏదో ఉందంటుంది గానీ ఎడమో కుడో చెప్పదు. ఏటవాలుగా వస్తే ప్రహరీగోడ అసలు కనబడదు. మరి గబ్బిలం చీకట్లో ఎలా పసిగడుతోంది?
– పాలిటెక్నిక్ విద్యార్థులు, అమలాపురం

జవాబు: గబ్బిలం కూత పెట్టి, దాని ప్రతిధ్వని విని పసిగడుతుంది. మీ సెన్సరూ అంతే. కానీ గబ్బిలానికి చెవులు రెండు, మీ బండికి ఒకటే. (పగలంతా మర్రికొమ్మలకు వేలాడే పెద్ద గబ్బిలాలకు ఈ విద్య రాదు. వాటికి కళ్లు, ముక్కే ఆధారం. పురుగులు పట్టే చిన్నవాటిదే ఈ నేర్పు.)

ఇంకో ఎస్‌ఆర్04 కొని, దాని మీద ‘టి’ అని ఉన్న, కూత పెట్టే డబ్బీని టంకం కరిగించి తీసేయండి. ప్రతిధ్వని వినే రెండు ‘ఆర్’ డబ్బీల మధ్య 10 సెంటీమీటర్లు ఉంచండి. కూత మొదలుపెట్టించే రెండు ట్రిగ్ కాళ్లనూ ఒకే పిన్నుకు కలిపి, 10 మైక్రోసెకన్ల పల్స్ ఇవ్వండి. ప్రతిధ్వని సమయం చెప్పే ఎకో తీగలు 2, 3 పిన్నులకే వెళ్లాలి. పల్స్‌ఇన్ అనే ఆర్డినో ఆదేశం ఒకసారి ఒక పిన్నునే చూస్తుంది కాబట్టి ఇక్కడ ఇంటరప్టులే (పిన్ను మారగానే చేస్తున్న పని ఆపి సమయం గుర్తించే పద్ధతి) దారి. మాను 15 డిగ్రీలు పక్కకు ఉంటే రెండు చెవులకూ సుమారు 74 మైక్రోసెకన్ల తేడా వస్తుంది. ముందుగా విన్న చెవి వైపే మాను.

చిక్కంతా ఇక్కడే. 40 కిలోహెర్ట్జ్ శబ్దంలో ఒక్క అల 25 మైక్రోసెకన్లు. బలహీనమైన ప్రతిధ్వనిలో ఒక చెవి మొదటి అలను జారవిడిస్తే 5 డిగ్రీలు తప్పినట్టే. అయిదుసార్లు కొలిచి, వరసలో నడిమిది తీసుకోండి. ఒక్కో కూతకూ మధ్య 60 మిల్లీసెకన్లు ఆగండి, లేకపోతే పాత ప్రతిధ్వని కొత్తదానిలో కలుస్తుంది. బోర్డుల మధ్య స్వతహాగా కొంత తేడా ఉంటుంది. నేరుగా ఎదుట అట్ట నిలబెట్టి చూసి, ఆ తేడాను తీసేయండి.

ఇక గోడ. ఈ శబ్దపు అల పొడవు దాదాపు 9 మిల్లీమీటర్లు. సిమెంటు పూత గరుకు అంతకంటే చిన్నది కనుక గోడ దానికి అద్దమే, ఏటవాలుగా కొట్టిన కూత అటే పోతుంది. గుండ్రటి మానుకు ఎటు నుంచి చూసినా కొంత ఒళ్లు మీవైపే ఉంటుంది. గోడ కోసం సెన్సర్లను సర్వో (చెప్పిన కోణానికి తిరిగే మోటారు) మీద పెట్టి తిప్పాల్సిందే.

ఎండనూ లెక్కలో వేసుకోండి. 20 డిగ్రీలకు రాసిన ప్రోగ్రామ్, మే నెల 38 డిగ్రీల్లో 3 మీటర్ల మానును 9 సెంటీమీటర్లు దగ్గరగా చూపిస్తుంది. సెకనుకు మీటర్లలో వేగం: 331.4 + 0.6 × ఉష్ణోగ్రత.

మంచుకు తడిసే చోట నీరుపట్టని జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ మేలు, కానీ 20 సెంటీమీటర్ల లోపల అది గుడ్డిది. పైగా కూసేదీ వినేదీ ఒకే డబ్బీ, అందుకని రెండు చెవుల పనికి రాదు.