ప్రళయమా, ప్రకటనా? ఏడు తలల పాముని ఏమని పిలవాలి?

సందేహం: మధ్యయుగాల్లో ఐరోపాలో చేత్తో రాసి బొమ్మలు వేసిన అపోకలిప్స్ పుస్తకాల మీద ఒక పత్రికకి వ్యాసం రాస్తున్నాను. అందులో ఒక వాక్యం ఇది: "స్పెయిన్ తాళపత్రాల్లోని ప్రళయ చిత్రాలకీ ఇంగ్లండ్ తాళపత్రాల్లోని ప్రళయ చిత్రాలకీ పోలికే లేదు." ఎడిటర్ గారు తాళపత్రం, ప్రళయం, పోలిక అన్న మూడు మాటల కిందా ఎర్రగీత పెట్టి పంపారు, కారణం మాత్రం చెప్పలేదు. ప్రళయం వద్దంటే యుగాంతం అనాలా, కాలజ్ఞానం అనాలా? డ్రాగన్‌ని డ్రాగన్ అనే రాయవచ్చా? – ఒక పాఠకురాలు

సమాధానం: ఒక్క వాక్యానికి మూడు గీతలంటే ఎడిటర్ గారిది గట్టి చెయ్యే. కానీ మూడూ పడాల్సిన చోటే పడ్డాయండీ.

తాళపత్రం సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్నది. తాటాకు మీద రాస్తే తాళపత్రం. పాత పుస్తకం కనపడగానే తాళపత్రం అనెయ్యడం మనకి అలవాటైపోయింది గానీ, మీరు చెప్పే పుస్తకాలు తోలు మీద రాసినవి. గొర్రె, మేక, దూడ తోళ్ళని సున్నపు నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, చట్రానికి బిగించి ఆరబెడితే తయారయ్యే చర్మపత్రాలు అవి. మొత్తం పుస్తకాన్ని 'రాతప్రతి' అనండి, చాలు. తాటాకైనా తోలైనా కాగితమైనా ఆ మాటలో ఇమిడిపోతాయి.

అసలు పేచీ ప్రళయం దగ్గరే ఉంది. తుఫాను ఊరి మీద పడితే పేపర్లో 'ప్రళయం' అని హెడ్డింగు పెడతారు, అందులో తప్పేం లేదు. ఇంగ్లీషు సినిమాల పుణ్యమా అని అపోకలిప్స్ అన్న మాటకీ ఈ సర్వనాశనం అన్న అర్థమే జనంలో స్థిరపడింది, అందుకే మీ చేతికి ప్రళయం అన్న మాట అంత తొందరగా దొరికింది. కానీ మీ వ్యాసంలో అపోకలిప్స్ ఒక సంఘటన పేరు కాదు, ఒక పుస్తకం పేరు. బైబిల్లో చిట్టచివరి పుస్తకం. గ్రీకులో ఆ మాటకి అర్థం ముసుగు తీయడం, కప్పి ఉన్నదాన్ని బయటపెట్టడం. తెలుగు బైబిలు దానికి 'ప్రకటన గ్రంథము' అని పేరు పెట్టింది, మన ఊళ్ళలో చర్చికి వెళ్ళే ఏ ముసలమ్మని అడిగినా ప్రకటన అనే చెబుతుంది. అంత చక్కగా వాడుకలో ఉన్న మాటని పక్కన పెట్టి కొత్తది వెతుక్కోవడం ఎందుకు?

ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రళయం అనగానే మన మనసులో మెదిలేది నీళ్ళు. ఎటు చూసినా నీళ్ళు, ఆ నీళ్ళ మీద మర్రాకు, ఆకు మీద పసిబాలుడు. ప్రకటన గ్రంథం చివరికొచ్చేసరికి అక్కడ ఉన్నది దీనికి సరిగ్గా తలకిందులు: కొత్త ఆకాశం, కొత్త భూమి, 'సముద్రమును ఇకను లేదు' అంటుంది మన బైబిలు. మన ప్రళయంలో సముద్రం తప్ప ఏమీ మిగలదు, వాళ్ళ దగ్గర సముద్రమే మిగలదు! ఆ తరవాత ఆకాశం నుంచి ఒక నగరం దిగివస్తుంది. స్పెయిన్ ప్రతుల్లో ఆ నగరాన్ని చూశారు కదా, విప్పి పరిచిన అట్టపెట్టె లాగా గోడలు నాలుగు వైపులకీ వాలిపోయి ఉంటాయి, ఒక్కో వైపు మూడేసి గుమ్మాలు, ఒక్కో గుమ్మంలో ఒక అపొస్తలుడు, నడుమ గళ్ళ నేల మీద క్రీస్తుకి గుర్తుగా గొర్రెపిల్ల, కొలకర్ర పట్టుకున్న దేవదూత, ఈ దర్శనాలన్నీ చూసి రాసిన యోహాను. ఈ బొమ్మ కింద 'ప్రళయ చిత్రం' అని రాస్తే చదివేవాడు బొమ్మ చూడాలా, మీ మాట నమ్మాలా?

యుగాంతం అంటే కొంత మెరుగు, ఎందుకంటే దానికి కాస్త ఆధారం ఉంది. స్పెయిన్ ప్రతులన్నిటికీ మూలపురుషుడు బియాటస్. ఉత్తర స్పెయిన్ కొండల్లో లియెబానా అనే చోట ఉన్న సన్యాసి. 776 ప్రాంతంలో ప్రకటన గ్రంథానికి పెద్ద వ్యాఖ్యానం కూర్చాడు, తరవాత దాన్ని దిద్దుకున్నాడు కూడా. సృష్టి మొదలై ఆరువేల ఏళ్ళు నిండితే ఈ లోకం సరి అన్న నమ్మకంతో లెక్క కట్టి, ఆ గడువు 800తో ముగుస్తుందని తేల్చాడు. అంటే ఆయన మనసులో యుగాంతం ఉన్నమాట నిజమే. కానీ మీరు రాస్తున్నది ఆయన గురించి కాదు, ఆయన పుస్తకానికి వేసిన బొమ్మల గురించి. ఇప్పుడు మిగిలి ఉన్న పాతిక పైచిలుకు బొమ్మల ప్రతుల్లో ప్రసిద్ధమైనవన్నీ ఆ గడువు దాటి వందేళ్ళ పైన అయ్యాక పుట్టినవి. న్యూయార్క్‌లోని మోర్గాన్ లైబ్రరీలో ఉన్నది మాయుస్ అనే సన్యాసి 945 ప్రాంతంలో చేసింది. జిరోనా కెథెడ్రల్‌లో ఉన్నది 975 నాటిది. లియోన్ రాజు ఫెర్నాండో, రాణి సాంచాల కోసం ఫకుందస్ రాసింది 1047లో. బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న సిలోస్ మఠం ప్రతి రాత 1091లో అయితే, బొమ్మలు పూర్తయ్యేసరికి 1109 వచ్చింది. రేపే లోకం ముగిసిపోతుందన్న టెన్షన్‌లో ఉన్నవాళ్ళు బొమ్మలకి అన్నేళ్ళు తీసుకోరు, అని నాకనిపిస్తుంది.

కాలజ్ఞానం అన్న ఊహ ముచ్చటగానే ఉంది. జరగబోయేది ముందే చెప్పడం అన్న జాతి వరకూ అది ప్రళయం కన్నా దగ్గరిదే. కానీ ఆ మాట రాయగానే వీరబ్రహ్మేంద్రస్వామి వచ్చి కూర్చుంటారు, ఆయన్ని పక్కకి జరిపి పాఠకుణ్ణి స్పెయిన్‌కి తీసుకెళ్ళడం మీ వల్ల కాదు, నా వల్లా కాదు. మొదటిసారి వచ్చినప్పుడు 'బైబిల్లో చివరిదైన ప్రకటన గ్రంథం' అని రాసి, ఆ పైన 'ప్రకటన బొమ్మలు' అంటూ సాగిపోండి.

బొమ్మలు కూడా ఈ మాటకే సాక్ష్యం చెబుతాయి. లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ మ్యూజియంలో 1255–60 ప్రాంతపు ఇంగ్లీషు ప్రతి ఒకటి ఉంది. అందులో కథంతా చట్రం లోపల జరుగుతూ ఉంటుంది, యోహాను చాలా బొమ్మల్లో చట్రం బయట, మార్జిన్‌లో నిలబడి, చట్రానికి పెట్టిన చిన్న కిటికీలోంచి లోపలికి తొంగి చూస్తుంటాడు. పుస్తకం తిరగేస్తున్నవాళ్ళం మనమూ బయటే ఉన్నాం, ఆయనా బయటే. ముసుగు తీసి చూపించడం అన్న అర్థానికి ఇంతకన్నా మంచి బొమ్మ నేనెక్కడా చూడలేదు.

ఇక డ్రాగన్. ఇక్కడ నా సలహా కొంచెం విచిత్రంగా ఉంటుంది: అన్ని చోట్లా ఒకే మాట వాడకండి, బొమ్మ చూసి రాయండి. తెలుగు బైబిలు దాన్ని 'ఎఱ్ఱని మహాఘటసర్పము' అంది, ఏడు తలలు, పది కొమ్ములు. ఫకుందస్ ప్రతిలో ఆ బొమ్మ తెరిచిన రెండు పేజీలూ ఆక్రమించి ఉంటుంది. వెనక అడ్డంగా రంగుల పట్టీలు. ఎడమ పక్కన పైన సూర్యుణ్ణి ధరించిన స్త్రీ, కాళ్ళ కింద చంద్రుడు, తల చుట్టూ నక్షత్రాలు. ఈ పేజీ నుంచి ఆ పేజీకి మెలికలు తిరుగుతూ పాకిన పాము, తోకతో నక్షత్రాలని ఈడ్చేస్తూ. బల్లేలతో పొడుస్తున్న దేవదూతలు. కుడి పక్క పైమూల, పాము నోటికి చిక్కకుండా దేవుడి సింహాసనం ముందుకి చేరిన ఆ స్త్రీ బిడ్డ, కిందమూల నరకంలో కట్టేసి ఉన్న సాతాను. ఆ ప్రాణికి రెక్కల్లేవు, నిలువెల్లా పామే. అక్కడ ఘటసర్పం అన్న మాట అచ్చంగా అతుకుతుంది. అదే పదమూడో శతాబ్దపు ఇంగ్లీషు ప్రతుల్లో దానికి రెక్కలొచ్చాయి, గోళ్ళున్న కాళ్ళొచ్చాయి. దాన్ని సర్పం అంటే పాము కాళ్ళు పాముకెరుక అని నవ్వుతారు. హాయిగా డ్రాగన్ అనే రాయండి, పిల్లలకి కూడా తెలిసిన మాటే.

ఇప్పుడు మీ వాక్యంలో నాకు బాగా నచ్చిన తప్పు, 'పోలికే లేదు'.

తెలుగులో పోలిక అనే మాట రెండు పనులు చేస్తుంది. 'వాడివన్నీ మేనమామ పోలికలే' అన్నప్పుడు ఒకేలా ఉండడం. 'ఆయనతో నాకు పోలికేమిటి' అన్నప్పుడు ఆయన ఎక్కువ, నేను తక్కువ. కాబట్టి 'పోలికే లేదు' అంటే రెండూ ఒకలా లేవన్నారో, ఒకటి గొప్పది రెండోది దానికి సాటిరాదన్నారో తెలియదు. మీరన్నది మొదటిదే అయి ఉంటుంది. అప్పుడు భాష మాట అటుంచి, విషయమే తప్పు. రెండు చోట్లా ఆ స్త్రీ ఉంది, ఏడు తలలున్నాయి, దేవదూతల యుద్ధం ఉంది, ఎందుకంటే చదివిన పుస్తకం ఒకటే. తేడా అమరికలో ఉంది. స్పెయిన్‌వాళ్ళు రెండు పేజీల్లో ఒకేసారి చూపించిన కథని ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న డౌస్ ప్రతి ముక్కలు చేసి, ఒక్కో ఘట్టానికి ఒక్కో చట్రం కట్టి, పైన బొమ్మ, కింద పాఠం, దాని వ్యాఖ్యానం పెట్టింది. ఇది 1265–70 ప్రాంతంలో, తరవాత మొదటి ఎడ్వర్డ్ రాజు అయిన యువరాజు కోసం, ఆయన భార్య ఎలినార్ కోసం మొదలైన పుస్తకం. పూర్తి కాలేదు. అదే మన అదృష్టం, ఎందుకంటే కొన్ని పేజీల్లో వట్టి గీతలు, కొన్నిట్లో బంగారు రేకు మాత్రం అంటించి వదిలేసినవి, కొన్నిట్లో రంగులు, అలా పని ఏ వరసలో జరిగేదో కళ్ళారా చూడొచ్చు. వీలైతే జర్మనీ ప్రతినొకదాన్ని కూడా కలపండి. బాంబర్గ్‌లో ఉన్నది 1000 దాటిన తొలి సంవత్సరాల్లో రైఖెనౌ మఠం చిత్రకారులు చేసింది. రంగుల పట్టీలూ లేవు, జనసమ్మర్దమూ లేదు, బంగారు నేపథ్యం మీద నలుగురైదుగురు మనుషులు, పెద్ద పెద్ద చేతులు, అంతే. నన్నడిగితే మూడిట్లో నాకు భయం పుట్టించేది ఆ నిశ్శబ్దమే. ఇది నా రుచి, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

పోలిక మాట వచ్చింది కనక పనిలో పనిగా ఒకటి. 'పోలితే' వేరు, 'పోలిస్తే' వేరు. ఒకటి మరొకదానిలా ఉంటే పోలితే. మనం పక్కపక్కన పెట్టి చూస్తే పోలిస్తే. మారు–మారితే, మార్చు–మారిస్తే ఎలాగో ఇదీ అలాగే. మీ వ్యాసంలో రెండోపేజీలో 'స్పెయిన్ ప్రతితో పోలితే' అని ఉంది, దిద్దుకోండి.

ఈ పోలికల గొడవ మనకన్నా ముందు ఆ బొమ్మలు వేసినవాళ్ళకే వచ్చింది. ప్రకటన తొమ్మిదో అధ్యాయంలో అగాధంలోంచి మిడతలు వస్తాయి. తెలుగు బైబిల్లో ఆ వాక్యాలు ఒకసారి తీసి చదవండి. అవి యుద్ధానికి సిద్ధమైన గుర్రాలను 'పోలియున్నవి', తలల మీద కిరీటముల'వంటివి', ముఖాలు మనుష్యుల ముఖముల'వంటివి', పళ్ళు సింహపు కోరల'వలె'. తోకలు తేళ్ళ తోకల వంటివి. అంతా పోలి, వంటి, వలె. యోహాను ఎక్కడా అది గుర్రం అనలేదు, గుర్రంలా ఉందన్నాడు. రాసేవాడికి 'వంటి' అని తప్పుకునే దారి ఉంది. బొమ్మ వేసేవాడికి ఆ మాట లేదు పాపం! కుంచెతో 'లాంటి' అని వెయ్యలేడు, వేస్తే గుర్రమే వెయ్యాలి, లేదా మిడతే వెయ్యాలి. బియాటస్ ప్రతుల్లో వాళ్ళు మిడతని దాదాపు వదిలేసి నాలుగు కాళ్ళ మృగాన్ని వేసి, దానికి తేలు తోక తగిలించి, ఆ తోకతో మనుషుల్ని కుట్టించారు. కొన్ని ఇంగ్లీషు, నార్మండీ ప్రతుల్లో కిరీటం పెట్టుకున్న మనిషి తలతో, రెక్కలతో, గుర్రం ఒళ్ళుతో వస్తాయి, చూస్తే భయం కన్నా నవ్వు ముందొస్తుంది. ఈ ఒక్క మిడత పట్టుకుని మూడు నాలుగు ప్రతులు తిరగేస్తే ఏ చిత్రకారుడు ఏ 'వంటి'ని సీరియస్‌గా తీసుకున్నాడో, ఏది వదిలేశాడో తెలిసిపోతుంది. మీ వ్యాసానికి నడుమ భాగం ఇదే కావాలని నా కోరిక. పోల్చుకోవడం అంటే ఆనవాలు పట్టడం అని కూడా మనకి అర్థం ఉంది కదా, 'నిన్ను పోల్చుకోలేకపోయానే' అంటాం. ఆ బొమ్మల్లో మిడతని పోల్చుకోవడమే పెద్ద పని.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "స్పెయిన్ రాతప్రతుల్లోనూ ఇంగ్లండ్ రాతప్రతుల్లోనూ ప్రకటన బొమ్మలకి పోలికలు చాలానే ఉన్నాయి గానీ, కథని పేజీ మీద పరిచే తీరు మాత్రం పూర్తిగా వేరు." కొంచెం పొడుగైంది, ఎడిటర్ గారు కత్తిరించుకుంటారు.

మీరు అడగనిది ఒకటి. వ్యాసం చివర జిరోనా ప్రతి గురించి రాస్తూ 'ఎందే అనే చిత్రకారుడు, ఎమెతేరియస్ కలిసి గీశారు' అన్నారు. ఆ పుస్తకం చివర చేసినవాళ్ళ పేర్లు రాసినచోట లాటిన్లో ఆ మాట స్త్రీలింగంలో ఉంది: చిత్రకారిణి, దేవుడికి చేదోడుగా ఉండే మనిషి అని. పైగా సన్యాసి ఎమెతేరియస్ పేరు కన్నా ఆమె పేరే ముందుంది. 'గీశారు' అన్న బహువచనంలో ఆడా మగా కలిసిపోతారు కాబట్టి ఎడిటర్ గారి కంట పడలేదు. 'చిత్రకారుడు' అన్నచోట 'చిత్రకారిణి' అని మార్చి, ఆమె పేరు ముందే ఉండనివ్వండి.